యాభై మీటర్ల దూరంలో గురి కుదరాలంటే

ఎయిర్ రైఫిల్‌తో పది మీటర్ల దగ్గర కొంత పట్టు చిక్కాక, .22 రైఫిల్‌తో, అంటే 0.22 అంగుళాల బోరు రైఫిల్‌తో, యాభై మీటర్లకు మారినవారందరికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. తూటా పక్కకు వెళ్తుంది, ఎందుకు వెళ్లిందో తెలియదు. గాలి వల్లేమో అనుకుని సైట్‌ను, అంటే గురి చూసే అమరికను, తిప్పుతారు. తర్వాతి తూటా ఇంకో వైపు పడితే తూటాల పెట్టె మారుస్తారు. ఆ పైన భుజం కాస్త సర్దుకుంటారు. ఇన్ని మార్పులు కలిసిపోయాక అసలు కారణం ఏదో తేలే దారి ఉండదు. కాగితం మీద పడిన ప్రతి రంధ్రానికి బాధ్యత మీ శరీరానిదా, రైఫిల్‌దా, తూటాదా, గాలిదా అన్నది చెప్పగలిగిన రోజున దూరపు గురి దానంతట అదే మెరుగుపడుతుంది. కింద చెప్పిన మెట్లన్నీ అందుకోసమే.

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఉంటున్న మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బల్లార్‌పూర్ కాగితం మిల్లులో, బొగ్గు గనుల్లో పనిచేసే కుటుంబాల పిల్లలు, సిరొంచ, అహేరి వైపు యువకులు ఈ క్రీడ గురించి ఆసక్తిగా అడుగుతున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లాకు చెందిన స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచిన తర్వాత ఆ ఆసక్తి మరింత పెరిగింది. ఆ పోటీలో మన దేశానికి వచ్చిన తొలి ఒలింపిక్ పతకం అదే. మనలో చాలామందికి యాభై మీటర్ల రేంజ్ ఇంటి దగ్గర ఉండదు. పుణె బాలేవాడీకో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని రేంజ్‌కో వెళ్లడమంటే రాత్రి ప్రయాణం, ఖర్చు. కాబట్టి ఇంట్లో చేయగలిగింది ఇంట్లోనే పూర్తిచేసి, రేంజ్‌లో మాత్రమే చేయగలిగిన పనికి అక్కడి సమయాన్ని దాచుకోవాలి.

ముందుగా చట్టం

మన ప్రాంతంలో ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. .22 రైఫిల్‌కు మాత్రం 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. అందుకే మొదట్లో క్లబ్బు రైఫిల్‌తో, కోచ్ కళ్లెదుట నేర్చుకోవడమే మేలు. సొంత లైసెన్సు వచ్చాక అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చదువుకోండి. బల్లార్షాలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే రాష్ట్రం దాటినట్టే. మహారాష్ట్రకు మాత్రమే పరిమితమైన లైసెన్సు అటువైపు పనికిరాదు.

పోలీసు తనిఖీలు తరచుగా జరిగే జిల్లాలు మనవి. ఎయిర్ రైఫిల్ అయినా సరే పెట్టెలో తాళం వేసి తీసుకెళ్లండి, కొన్న రసీదు, క్లబ్బు కార్డు అదే పెట్టెలో ఉంచండి. చేలో, చెరువు గట్టున, అడవి అంచున సాధన చేయకండి. తాడోబా పులుల అభయారణ్యం ఉన్నది చంద్రపూర్ జిల్లాలోనే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది. పిట్టల మీద గురి పెట్టేవారికి నేను ఈ విద్య నేర్పను, మీరూ నేర్పకండి.

లక్ష్యం ఎంత చిన్నదో తెలుసుకోండి

యాభై మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కో వలయం 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కంటికి నల్లగా కనిపించే మొత్తం భాగం 112.4 మిల్లీమీటర్లు. మూడు వందల మీటర్ల లక్ష్యంలో పది వలయం 100 మిల్లీమీటర్లు. దూరం ఆరు రెట్లు పెరిగితే పది వలయం దాదాపు పది రెట్లు పెరిగింది. అంటే కోణం లెక్కన చూస్తే యాభై మీటర్ల పది వలయమే చిన్నది. ఇంతకంటే దూరానికి వెళ్లాలన్న తొందర ఉన్నవారు ఈ లెక్కను ఒకసారి నిదానంగా చూడాలి. యాభై దగ్గర నిలకడ రాకుండా మూడు వందలకు వెళితే అక్కడ నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇంట్లో, ఐదు మీటర్ల గోడ ముందు

తెల్ల కాగితం మీద 11.2 మిల్లీమీటర్ల వ్యాసంతో నల్లటి వృత్తం గీసి, కంటికి ఐదు మీటర్ల దూరంలో, పడుకుని గురిపెట్టే ఎత్తులో గోడకు అంటించండి. యాభై మీటర్ల దగ్గర నల్లటి భాగం ఎంత కనిపిస్తుందో ఇది అంతే కనిపిస్తుంది. గది చిన్నదైతే వరండా నుంచి గదిలోకి గురి చూడవచ్చు, వీధి వైపు మాత్రం గొట్టం తిప్పకూడదు.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ తడిమి చూసుకోండి. తూటాలు, పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) వేరే గదిలో ఉండాలి. పోటీలకు వాడే ఎయిర్ రైఫిళ్లలో చాలావాటికి ఉత్తుత్తి పేల్పుకు, అంటే డ్రై ఫైరింగ్‌కు ప్రత్యేక అమరిక ఉంటుంది. .22 రైఫిల్‌ను మాత్రం ఖాళీ చాంబర్ (తూటా కూర్చునే చోటు) మీద అలాగే నొక్కేయకండి. కొన్నిటిలో ఫైరింగ్ పిన్ చాంబర్ అంచును కొట్టి గుంత చేస్తుంది. తయారీదారు అనుమతించారో లేదో చూసుకోండి, లేకపోతే స్నాప్ క్యాప్, అంటే ఉత్తుత్తి తూటా, వాడండి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. తూటా చప్పుడూ, దెబ్బా లేని ఈ సాధనలో ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో ముందు సైట్ ఎటు కదిలిందో స్పష్టంగా కనిపిస్తుంది. రేంజ్‌లో చప్పుడు దాన్ని కప్పేస్తుంది. నెలకు ఒకసారి రేంజ్‌కు వెళ్లగలిగినవారికి ఈ ఇరవై నిమిషాలే అసలు బడి.

భంగిమ: కండ కాదు, ఎముక మోయాలి

పడుకుని కాల్చే భంగిమతో మొదలుపెట్టండి. కుడిచేతి వాటం వారు శరీరాన్ని లక్ష్యపు గీతకు కొద్దిగా ఎడమవైపు ఏటవాలుగా పెట్టి, కుడి మోకాలు పైకి మడవాలి. అప్పుడు పొట్ట నేల నుంచి కాస్త లేచి ఊపిరి తేలికగా ఆడుతుంది, గుండె దెబ్బ రైఫిల్‌కు తక్కువగా అందుతుంది. స్లింగ్ పట్టీని జబ్బపై బాగా పైకి కట్టుకోండి. కిందికి జారితే నాడి కొట్టుకున్నప్పుడల్లా ముందు సైట్ అదురుతుంది. నేలకూ ముంజేతికీ మధ్య కోణం 30 డిగ్రీలకు తగ్గకూడదని పోటీ నియమం ఉంది కాబట్టి మొదటి నుంచే ఆ ఎత్తుకు అలవాటు పడండి. రైఫిల్ బరువంతా స్లింగూ, మోచేతి ఎముకా మోయాలి. ఎడమ అరచేయి వేళ్లు బిగించకుండా వదులుగా ఉంచితే అది సరిగా జరుగుతోందో లేదో తెలుస్తుంది.

తర్వాత చేసే పరీక్ష అన్నిటికంటే ముఖ్యమైనది. గురి చూసి, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదలండి. భుజాలు వదులు చేయండి. కళ్లు తెరిచేసరికి సైట్ ఎక్కడ ఆగిందో అదే మీ శరీరపు సహజమైన గురి. అది నల్లటి వృత్తం మధ్యలో లేకపోతే చేతులతో తోయకండి. ఎడమ మోచేతిని కదపకుండా నడుము ఎడమకో కుడికో జరపండి. శరీరాన్ని ముందుకు జరిపితే గొట్టం దిగుతుంది, వెనక్కి జరిపితే లేస్తుంది. చేతి బలంతో మధ్యకు లాగి కాల్చిన తూటా, ట్రిగ్గర్ విడిచిన క్షణంలో శరీరం కోరుకునే వైపే వెళ్తుంది. గాలి తోసిందని మనం అనుకునే తూటాల్లో చాలావరకు ఇవే. ప్రతి పది తూటాలకొకసారి ఈ పరీక్ష మళ్లీ చేయండి, ఎందుకంటే మోచేయి తెలియకుండానే జారుతుంది.

ఊపిరి, కన్ను, వేలు

ఊపిరి తీస్తున్నప్పుడు ముందు సైట్ నిట్టనిలువుగా కిందికీ పైకీ కదలాలి. ఏటవాలుగా కదిలితే భంగిమలో ఏదో వంకర ఉంది, అక్కడికి వెనక్కి వెళ్లి సరిచేయండి. ఊపిరి వదిలాక సహజంగా వచ్చే విరామంలోనే ట్రిగ్గర్ నొక్కాలి. ఏడెనిమిది సెకన్లు దాటితే కన్ను అలసిపోతుంది, చూసిన బొమ్మనే చూస్తున్నట్టు భ్రమపడుతుంది. అప్పుడు ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసి, ఊపిరి తీసుకుని, మొదటి నుంచి ప్రారంభించండి. కాల్చకుండా దించిన ప్రయత్నానికి మార్కులు పోవు.

చూపు ముందు సైట్‌లోని రింగుపై నిలవాలి, దూరంగా ఉన్న నలుపు కాస్త మసకగానే ఉండాలి. రింగుకూ నలుపుకూ మధ్య తెల్లని అంచు ధారాళంగా కనిపించేంత పెద్ద రింగు వాడండి. బిగుతుగా ఉన్న రింగు కచ్చితమనిపిస్తుంది కానీ, సరిగ్గా మధ్యలో ఉందా లేదా అన్న సందేహంతో కంటిని వేధిస్తుంది. రెండో కన్ను మూయకండి. దానికి అడ్డంగా పాలరంగు పట్టీ పెట్టుకుంటే ముఖం బిగుసుకోదు.

ట్రిగ్గర్ తేలిగ్గా కదిలే మొదటి దశను నొక్కేసి, గట్టిగా ఆగే రెండో దశకు చేరాక, వేలి చివరి కణుపు మెత్తటి భాగంతో నేరుగా వెనక్కి నొక్కండి. నొక్కిన తర్వాత కూడా వేలిని అక్కడే ఉంచి సైట్ చూస్తూ ఉండండి. దీన్నే ఫాలో త్రూ అంటారు.

కాగితం చూడకముందే చెప్పండి

తూటా పేలిన వెంటనే, స్కోప్ (దుర్బిణి)లోకో తెర వైపో చూడకముందే, అది ఎక్కడ పడిందో, లక్ష్యాన్ని గడియారం ముఖంగా అనుకుని మీరే చెప్పండి: "తొమ్మిదో వలయం, మూడు గంటల వైపు." తర్వాత చూడండి. రెండూ పుస్తకంలో పక్కపక్కనే రాయండి. ఈ ఒక్క అలవాటు లేనివారికి దూరపు గురి నేర్పడం చాలా కష్టం.

మీరు చెప్పిన చోటే పడితే తప్పు శరీరానిది, సైట్ ముట్టుకోకండి. మీరు పది అన్నారు, తూటా పక్కకు పడింది అంటే గాలినో, సైట్‌నో అనుమానించండి. మీరు పది అన్నా పైకో కిందికో పడుతుంటే తూటాల వేగంలో తేడా, బుగ్గ ఒత్తిడిలో తేడా చూడండి. కుడివైపుకు పడి కాస్త కిందికి కూడా దిగుతుంటే, రైఫిల్ కుడికి వాలుతోందేమో గమనించండి. మొదట్లో మీ మాట చాలాసార్లు తప్పుతుంది. కొన్ని వారాల్లో అది నిజానికి దగ్గరవుతుంది, అప్పటి నుంచి ప్రతి రంధ్రం మీతో మాట్లాడుతుంది.

గుంపు ముందు, మధ్య తర్వాత

మూడు తూటాలు చూసి సైట్ తిప్పకండి. పది తూటాలు ఒకే గురితో కాల్చి, ఆ గుంపు మధ్యబిందువు ఎక్కడుందో కొలిచి, దాన్ని మాత్రమే లక్ష్యం మధ్యకు తీసుకురండి. గుంపు ఎక్కడ పడిందన్నది సైట్‌కు సంబంధించిన విషయం. గుంపు ఎంత విస్తరించిందన్నది మీకూ, తూటాకూ సంబంధించింది. మీ సైట్ ఒక్క క్లిక్‌కు, అంటే మర ఒక్క మెట్టు తిప్పితే, గుంపును ఎంత కదుపుతుందో పుస్తకంలో చదివి ఊరుకోకండి. కొన్ని క్లిక్కులు కుడికి, అన్నే పైకి, అన్నే ఎడమకు, అన్నే కిందికి తిప్పుతూ ప్రతిచోటా కొన్ని తూటాలు కాల్చండి. చతురస్రం గీసి చివరికి మొదటి గుంపు మీదికే తిరిగి రావాలి. రాకపోతే సైట్‌లో ఏదో వదులుగా ఉంది.

తూటాల విషయంలో ధర చూసి తీర్పు చెప్పకండి. ఒకే పేరుతో వచ్చే పెట్టెల్లో కూడా లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నంబరు మారితే ఫలితం మారుతుంది, ఒక రైఫిల్‌కు నచ్చిన లాట్ మరోదానికి నచ్చదు. రైఫిల్‌ను ఆనించి ఒక్కో లాట్‌తో పదేసి తూటాల గుంపులు కాల్చి చూసి, నచ్చిన లాట్‌నే ఎక్కువగా కొనుక్కోవాలి. వేగం నిలకడ ఎందుకు ముఖ్యమంటే, సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో వెళ్లే .22 తూటా వేగంలో 10 మీటర్ల తేడా వస్తే, యాభై మీటర్ల దగ్గర ఎత్తులో సుమారు ఒక వలయం తేడా వస్తుంది. తూటాల పెట్టెను ఎండలో నిలిపిన కారులో, బైకు డిక్కీలో వదిలేయకండి. చంద్రపూర్ మే నెల ఎండలో ఆ డిక్కీలో చేయి పెట్టినవారికి కారణం చెప్పనక్కరలేదు.

గాలి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి, కానీ పై మెట్లన్నీ ఎక్కాకే.

సెకనుకు ఒక మీటరు వేగంతో అడ్డంగా వీచే గాలి యాభై మీటర్ల దగ్గర .22 తూటాను సుమారు ఐదారు మిల్లీమీటర్లు జరుపుతుంది. రెండు మీటర్ల గాలికి ఒక వలయానికి పైగా పోతుంది. ముఖానికి తగిలీ తగలనట్టు ఉండే గాలి కూడా అంత వేగంగా ఉండగలదు. 45 డిగ్రీల ఏటవాలుగా వస్తే అడ్డగాలి ప్రభావంలో సుమారు 70 శాతం ఉంటుంది. నేరుగా ఎదురుగానో, వెనక నుంచో వచ్చే గాలి పక్కకు జరపదు గానీ, అది ఏమాత్రం పక్కకు ఊగినా ప్రభావం ఒక్కసారిగా మారిపోతుంది. ఆ గాలిలో కాల్చడం అడ్డగాలిలో కంటే కష్టం.

సాధారణంగా రైఫిల్ గొట్టం లోపల తూటాను గిరగిరా తిప్పే గాడులు కుడివైపు తిరుగుతాయి. అందువల్ల కుడి నుంచి వచ్చే గాలి తూటాను ఎడమకు, కొద్దిగా పైకి తీసుకెళ్తుంది. ఎడమ నుంచి వచ్చే గాలి కుడికి, కొద్దిగా కిందికి దించుతుంది. గడియారం ముఖంపై పది నుంచి నాలుగు వరకు గీసిన ఏటవాలు గీత మీద తూటాలు పరుచుకుని కనిపిస్తే, అది గాలి సంతకం. నిట్టనిలువుగా పరుచుకుంటే గాలిని నిందించకండి.

యాభై మీటర్ల రేంజ్‌లో గాలి జెండాలు కాల్చేవారి నుంచి 10, 30 మీటర్ల దూరంలో ఉంటాయి. దగ్గరి జెండాకు ఎక్కువ విలువ ఇవ్వండి. అక్కడ తగిలిన తోపు తూటా మిగిలిన దారంతా పెరుగుతూ పోతుంది, లక్ష్యం దగ్గర తగిలిన తోపుకు పెరిగే దారే ఉండదు.

మొదటి పది నిమిషాలు కాల్చకుండా జెండాలనే చూడండి. గాలి ఏ తీరులో ఎక్కువసార్లు ఉంటోందో, ఎంతసేపటికి ఆ తీరుకు తిరిగి వస్తోందో గమనించండి. తరచుగా కనిపించే ఒక్క తీరును ఎంచుకుని, ఆ గాలిలోనే సైట్ సరిచేసుకుని, జెండా మళ్లీ అలా నిలిచినప్పుడు మాత్రమే కాల్చండి. మారితే ఆగండి. ప్రతి గాలికీ క్లిక్కులు తిప్పుతూ వెంటపడే పద్ధతి అనుభవజ్ఞులకు పనికొస్తుంది, కొత్తవారు ఎన్ని క్లిక్కులు తిప్పారో మరిచిపోయి చిక్కుకుంటారు. ఆగడమంటే భయం కాదు. మూడు భంగిమల పోటీలో అరవై తూటాలకు 90 నిమిషాలు ఇస్తారు. మంచి గాలి కోసం నిలిచే తీరిక అందులో ఉంది.

మన దగ్గర అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయాలు గురి నేర్చుకోవడానికి అనువైనవి. ఏప్రిల్ వచ్చిందంటే ఎండ ఎక్కకముందే ముగించాలి. దళసరి షూటింగ్ కోటు వేసుకుని వడగాలిలో పడుకుంటే గుండె వేగం పెరిగి, చెమట కంట్లోకి దిగి, ఏ పాఠమూ మిగలదు.

ఎండలో గాలి అలలు

నేల వేడెక్కితే లక్ష్యం నీటిలో కదిలినట్టు కనిపిస్తుంది. స్పాటింగ్ స్కోప్‌లో చూస్తే ఆ అలలు గాలి పోయే వైపే పారుతుంటాయి, కాబట్టి జెండా కదలనంత మెల్లని గాలినీ అవి పట్టిస్తాయి. అలలు నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టు కనిపిస్తే అడ్డగాలి లేదని అర్థం. అయితే మీరు చూస్తున్న బొమ్మే పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి అలల దిశ మారితే ఆగాలి. వేడెక్కిన గొట్టం నుంచి కూడా అలలు లేస్తాయి. గొట్టం మీదుగా సైట్ల మధ్య ఒక పట్టీ కట్టుకుంటే అవి చూపుకు అడ్డు రావు.

పుస్తకం

తేదీ, సమయం, లాట్ నంబరు, సైట్ స్థానం, జెండా బొమ్మ, మీరు చెప్పిన చోటు, పడిన చోటు రాయండి. మొత్తం మార్కులు చివరన రాస్తే చాలు. నెల తర్వాత వెనక్కి తిరగేస్తే ఏ తప్పు పదేపదే వస్తోందో కనిపిస్తుంది, వచ్చే నెలంతా ఆ ఒక్కదాని మీదే పనిచేయండి.

చేతులు, రైఫిల్

పెల్లెట్లు, .22 తూటాలు సీసంతో చేసినవి. రేంజ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టీ కూడా తాగకండి, చిన్న పిల్లలను ఎత్తుకోకండి. .22 రైఫిల్ కాల్చేటప్పుడు చెవులకు రక్షణ తప్పనిసరి.

వానాకాలంలో స్పాంజి పరిచిన పెట్టెలో రైఫిల్‌ను వారాల తరబడి ఉంచితే తుప్పు పడుతుంది. పెట్టె ప్రయాణానికే. ఇంటికి రాగానే బయటికి తీసి, చెమట పట్టిన చోట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, లోహంపై పలుచగా నూనె రాసి, తాళం ఉన్న అలమారలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. తూటాలకు వేరే తాళం, వేరే చోటు. మళ్లీ రేంజ్‌కు వెళ్లే రోజున గొట్టంలోని నూనెను పూర్తిగా తుడిచేసి, గొట్టం కుదురుకునేందుకు కొన్ని తూటాలు మట్టిగట్టు మీదికి కాల్చి, ఆ తర్వాతే గుంపును కొలవడం మొదలుపెట్టండి.